మా కాలువ వెనక కొండ

మా ఊరి మురుగు కాలువకి ఒకే వానాకాలంలో రెండుసార్లు పూడిక తీశారు. మొదటిసారి పేపర్లో తీశారు. రెండోసారి ఊళ్లో తీశారు. ఈ రెండింటి మధ్యా మా నాన్న చేసిన చిలిపి పని ఒకటుంది. దాని గురించి మా ఆఫీసులో ఇంతవరకూ నోరు విప్పలేదు. ఇప్పుడు నన్ను కూర్చోబెట్టిన పేజీలో నిజానిజాలు అడిగేవాళ్లు ఎవరూ లేరు కాబట్టి కాస్త ధైర్యంగా చెబుతున్నాను.

అప్పట్లో నేను విజయవాడలో ఒక దినపత్రికలో జిల్లా పేజీలు చూసేదాన్ని. మండలాల నుంచి విలేకరులు పంపే వార్తల్ని దిద్ది, హెడ్డింగు పెట్టి, పేజీలో సర్దించడం నా పని. ఉద్యోగం పేరు సబ్ ఎడిటర్. బంధువుల పెళ్లిళ్లలో మాత్రం ‘మా అమ్మాయి పేపర్లో రాస్తుంది’ అని పరిచయం చేసేవాళ్లు. నిజానికి నేను రాసేదానికంటే కొట్టేసేదే ఎక్కువ. మా పేజీల్లో ఏదీ మామూలుగా జరగదు. పుట్టినరోజు ఘనంగా జరుగుతుంది, సంతాప సభ ఘనంగా జరుగుతుంది, బోరింగు పంపుకి వాషరు మార్చినా ఘనంగానే మారుస్తారు. రైతులకు రెండే భావాలు, హర్షం, ఆగ్రహం. అధికారులకు ఒక్కటే, స్పందన. రోజూ సాయంత్రం కూర్చుని ఈ ఘనాలన్నీ కొట్టేసేదాన్ని. మర్నాటికి మళ్లీ అన్నీ వచ్చేవి.

మా నాన్నది కంకిపాడు దాటి లోపలికి వెళ్తే వచ్చే ఊరు. మా పొలం పల్లంలో ఉంటుంది. ఎగువ చేలల్లో నీళ్లన్నీ మా చేలోకి దిగి, అక్కణ్ణుంచి మురుగు కాలువలో పడి పోవాలి. ఆ ఏడాది సార్వా నాట్లు పడగానే ముసురు పట్టింది. కాలువ నిండా గుర్రపుడెక్క చాప పరిచినట్టు అల్లుకుపోయింది. దాని మీద ఊదారంగు పూలు పూశాయి. ఫోటోలు తీసుకునేవాళ్లకి బ్రహ్మాండంగా ఉంది, నీళ్లే కదలడం లేదు. నాటిన పైరు మునిగిపోయి ఆకుల కొసలు మాత్రం పైకి కనిపిస్తున్నాయి. మరికొన్నాళ్లు అలాగే ఉంటే కుళ్లిపోతుంది. మళ్లీ నాటుదామంటే ఊళ్లో ఎవరి దగ్గరా నారు లేదు. అంటే ఆ ఏటికి మా ఇంట్లో పంట లేనట్టే.

ఇంత కష్టంలోనూ నాన్న పొద్దున్నే టీ కొట్టుకి వెళ్లి పేపరు చదవడం మానలేదు. అక్కడ పేపరు పైకి చదివి వినిపించడం ఆయన ఉద్యోగం. ఎవరో ఇచ్చింది కాదు, ఆయనే తీసుకున్నాడు. ఎవరైనా ఏ వార్తనైనా నమ్మకపోతే ‘అచ్చేశారయ్యా, ఊరికే అచ్చేస్తారా’ అని గదమాయించేవాడు. నేను ఆ పేపర్లో చేరాక ఆ గదమాయింపు ఇంకాస్త పెరిగింది. నాతో మాట్లాడినా, ఊళ్లోవాళ్లతో మాట్లాడినా ‘మన పేపరు’ అనేవాడు. ఆయనేదో అందులో వాటాదారైనట్టు.

అలాంటి ఆయన ఒకరోజు పొద్దున్నే పేపరు తెరిచి, జిల్లా పేజీలో మా ఊరి పేరు చూసి, ఉత్సాహంగా గొంతు సవరించుకుని చదవడం మొదలుపెట్టాడట. తొలగిన ముంపు ముప్పు అని హెడ్డింగు. మా ఊరి కాలువలో పూడికతీత పూర్తయిందనీ, ముంపు నీరు వేగంగా దిగిపోతోందనీ, రైతులు హర్షం వ్యక్తం చేస్తున్నారనీ వార్త. పక్కనే ఫోటో. కాలువ, కాలువలో పొక్లెయిను, దాని వెనక పచ్చగా, ఎత్తుగా ఒక కొండ.

మా వైపు నేల అరచెయ్యిలా చదునుగా ఉంటుంది. గట్టెక్కి ఎటు చూసినా వరిచేలు, కొబ్బరిచెట్లు, కరెంటు స్తంభాలు. కొండ చూడాలంటే విజయవాడ దాటి అటు మైలవరం వైపు వెళ్లాలి. ఈ సంగతి టీ కొట్టు దగ్గర కూర్చున్నవాళ్లకి పుట్టినప్పట్నుంచీ తెలుసు.

“కాలవ తవ్వితే తవ్వారుగానీ, ఆ కొండని ఎప్పుడు తెచ్చి పెట్టారు బాబాయ్?” అన్నాడట ఒకాయన.

“మీ అమ్మాయి పేపర్లో నీళ్లు దిగిపోయినయ్యంట. మన చేలో నీళ్లకి ఇంకా పేపరు అందినట్టు లేదు,” అన్నాడట ఇంకొకాయన.

టీ కొట్టంతా పడీపడీ నవ్విందట. నాన్న పేపరు మడిచి బల్ల మీద పెట్టేసి ఇంటికి వచ్చి నాకు ఫోన్ చేశాడు.

“ఏమ్మా, మన కాలవ బాగుచేశారంటగా. మీ పేపర్లో చూసి తెలుసుకున్నాం,” అన్నాడు.

మీ పేపరు అన్నాడు. ఆ మాట ఆయన నోటి వెంట అంతకుముందు వినలేదు. ఆ వార్త వెళ్లిన రోజు నాకు సెలవు, నేను చూడలేదు నాన్నా అని చెప్పబోయి ఊరుకున్నాను. అది ఆయన అడిగిన ప్రశ్నకి జవాబు కాదు.

నవ్వుతో పోతే బాగానే ఉండును. ఆ రోజే మా ఊరి రైతులు కొందరు కాలువ పనులు చూసే ఇంజనీరు దగ్గరికి వెళ్లి మొర పెట్టుకున్నారు. ఆయన బల్ల మీద వరసగా పేపర్లు పరిచి చూపించాడట. “పని అయిపోయిందండీ. కావాలంటే చూడండి, అన్ని పేపర్లలోనూ వచ్చింది. ఇక దానిమీద మళ్లీ బిల్లు ఎట్టా పెడతాం?” అన్నాడట. చేలో నీళ్లు మోకాలిలోతు ఉన్నాయని వీళ్లు, కాగితంలో లేవని ఆయన. చివరికి కాగితమే గెలిచింది.

నేను కంకిపాడు విలేకరికి ఫోన్ చేశాను. ఆయన ఏమాత్రం తడుముకోలేదు. అక్కడి పేపర్లన్నిటి విలేకరులకీ కలిపి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. వంతులవారీగా ఒకరు వార్త రాసి అందులో పెడతారు. మిగతావాళ్లు హెడ్డింగు మార్చి ఎవరి ఆఫీసుకి వాళ్లు పంపుకుంటారు. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు కామన్ కాపీ. ఆ రోజు రాసే వంతు వేరే పేపరు విలేకరిది. విషయమూ ఫోటోలూ ఇంజనీరు ఫోన్లోంచి వచ్చాయి.

“మీరు కాలువ దాకా వెళ్లి చూశారాండీ?” అన్నాను.

“వర్షం కదా మేడం. అటు బండి దిగబడుద్ది.”

“ఫోటోలో కొండ ఉంది. మీకు కనిపించలేదా?”

“కనిపించింది మేడం. మబ్బేమో అనుకున్నా,” అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. నవ్వినందుకు ఆ వెంటనే నా మీద నాకే ఒళ్లు మండింది. అక్కడ నాన్న చేలో గోచీ పెట్టుకుని గట్టు తెగకుండా మట్టి వేసుకుంటుంటే, నేను ఇక్కడ ఏసీ గదిలో కూర్చుని మబ్బుకీ కొండకీ తేడా వెతుకుతున్నాను.

ఆ సాయంత్రమే మా డెస్క్ ఇన్‌చార్జి దగ్గరికి వెళ్లి, సవరణ వేద్దాం సార్ అన్నాను. ఆయన చాలా మంచి మనిషి. డెస్క్‌లో ఎవరి ఇంట్లో ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా ముందు ఆయనే సెలవు ఇచ్చేస్తాడు. సవరణ అనే మాట వినేసరికి మాత్రం ఆయన గొంతులో పచ్చి వెలక్కాయ పడుతుంది.

“ఏమని వేస్తామమ్మా? కాలువ తవ్వలేదు అనా? రేప్పొద్దున తవ్వేశారనుకోండి, అప్పుడు దానికి ఇంకో సవరణా?” అన్నాడు.

“జరగనిది జరిగిందని రాశాం కదా సార్.”

“మనం ఒక్కళ్లమే రాస్తే తప్పు. అందరూ రాశాక అది తప్పెట్టా అవుద్ది?” అని, చాలా ఓపికగా, చిన్నపిల్లకి ఎక్కాలు నేర్పుతున్నట్టు చెప్పాడు. ఆయన ముఖంలో ఎక్కడా వెటకారం లేదు. నిజంగానే అలా నమ్ముతున్నాడు. నాకు భయం వేసింది అందుకే.

ఈ సంగతి నాన్నకి చెప్పాను. కోప్పడతాడనుకున్నాను. “అందరూ రాస్తే తప్పు కాదన్నాడా? మంచిమాట చెప్పాడమ్మా,” అని ఫోన్ పెట్టేశాడు. ఆ గొంతు నాకు తెలుసు. చిన్నప్పుడు మా పెరట్లో జామకాయలు కోసుకుపోయే పక్కింటాయన్ని, ఊరందరి ముందూ పిలిచి బుట్టెడు జామకాయలు చేతిలో పెట్టి దణ్ణం పెట్టినప్పుడు విన్న గొంతు అది.

మర్నాడు ఫోన్ చేసి, “ఒక ప్రకటన రాశాను, విను,” అని చదివాడు. ఇన్నేళ్లు పేపరు పైకి చదివిన మనిషికి ఆ భాష కొట్టిన పిండి. మా గ్రామ మురుగు కాలువలో రికార్డు వేగంతో పూడిక తీయించి రైతుల కళ్లల్లో ఆనందం నింపిన ఇంజనీరు గారికీ, ఆ విషయాన్ని వెలుగులోకి తెచ్చిన పాత్రికేయ మిత్రులకూ కాలువ గట్టుపైనే ఘన సన్మానం. ముఖ్య అతిథిగా ఫలానా నాయకుడు పాల్గొని, పూడిక తీసిన కాలువను స్వయంగా పరిశీలిస్తారు. అనంతరం విందు. ఆ నాయకుడి పదవి ఇక్కడ చెప్పను. చెబితే పేరు చెప్పినట్టే అవుతుంది. మా వైపు ఆయన రాకుండా రిబ్బను కత్తిరిస్తే అది కత్తిరించినట్టు లెక్కలోకి రాదు, అంతవరకు తెలిస్తే చాలు.

“నాన్నా, ఇది అబద్ధం కదా,” అన్నాను.

“ఏది అబద్ధం? కాలవ తవ్వారని నేనన్నానా? అన్ని పేపర్లూ అన్నాయి. నేను చదువుకున్నది చదువుకున్నట్టు రాశాను. సన్మానం నిజం, శాలవాలు నిజం, విందు నిజం. నాటుకోళ్లు కూడా చెప్పేశాను.”

వార్తలో నిజమెంత అని రోజూ జల్లెడ పట్టే నాకు, అందులో తీసేయాల్సిన మాట ఏదో దొరకలేదు.

నాన్న ఆ ప్రకటనని కంకిపాడు విలేకరి చేతికిస్తే, అది వాట్సాప్ గ్రూపులో పడింది. ఆ సన్మానం జరగబోతోందని మర్నాడు అన్ని పేపర్లలోనూ వచ్చింది, మా దాంట్లో కూడా. నాయకుడి ఆఫీసు నుంచి సార్ వస్తారని కబురు వచ్చింది. ఆ తర్వాత గంటలోపే ఇంజనీరు నాన్నకి ఫోన్ చేశాడట.

“ఏంటండీ ఇది, మాబోటి వాళ్లకి సన్మానాలేంటండీ. మా డ్యూటీ మేం చేశాం,” అన్నాడట.

“అట్టా అంటే ఎట్టాగండీ. మీరు మొహమాటపడితే ఊరుకుంటామా?”

“పోనీ ఎక్కడన్నా కల్యాణమండపంలో పెట్టుకుందామండీ. గట్టు మీద బురదగా ఉంటది.”

“కాలవ చూపించకపోతే ఏం బాగుంటదండీ? పెద్దాయన స్వయంగా చూస్తానన్నారు. దిగి లోతు కూడా చూస్తారేమో.”

చివరికి ఇంజనీరు, కాస్త నీరసంగా, ఎన్నింటికి పెట్టారండీ అని అడిగాడట.

మర్నాడు తెల్లారేసరికి పొక్లెయిన్లు దిగాయి. ఒకటి కాదు, జంటగా. గుర్రపుడెక్కని గట్టు మీద గుట్టలుగా పోశాయి. దాంతోపాటు విరిగిన ప్లాస్టిక్ కుర్చీలు, ఎవరిదో మోటారుసైకిలు మడ్‌గార్డు, రాబోయే ముఖ్య అతిథి పుట్టినరోజు శుభాకాంక్షల ఫ్లెక్సీలు కూడా బయటపడ్డాయి. ఫ్లెక్సీలను మాత్రం ఇంజనీరే దగ్గరుండి మడత పెట్టించి మాయం చేయించాడట. మా చేలో నీరు మొదట కదిలీ కదలనట్టు కదిలి, తర్వాత ఒరవడి అందుకుంది. నాన్న ఫోన్‌ని తూము దగ్గర పెట్టి నన్ను వినమన్నాడు. హోరు వినిపించింది. ఆఫీసు మెట్ల మీద నిలబడి ఆ హోరు వింటూ నేను ఏడ్చాను. బతికిపోయాం అనుకున్నాను.

సన్మానం రోజు వచ్చింది. గట్టు మీద షామియానా, కుర్చీలు, మైకు. నేను విజయవాడలో డెస్క్ మీద ఉన్నాను. మధ్యాహ్నం తర్వాత సభ అని ప్రకటన. మా జిల్లా పేజీలు చీకటి పడకముందే ప్రెస్సుకి వెళ్లిపోవాలి. అందుకని విలేకరులు ఏం చేస్తారంటే, సభ జరగబోయే ముందే అది జరిగిపోయినట్టు రాసి పంపేస్తారు. ఎవరు వస్తారో, వచ్చి ఏం మాట్లాడతారో వాళ్లకి కంఠతా వచ్చు. మారేది ఊరి పేరే.

సభ మొదలుకాక ముందే కామన్ కాపీ నా కంప్యూటర్లో పడింది. నాయకుడు కాలువను పరిశీలించి సంతృప్తి వ్యక్తం చేశాడు. రైతు కన్నీరు పెడితే తాను చూడలేనన్నాడు. సభికులు చప్పట్లు కొట్టారు. అంతా అయిపోయింది. నాన్నకి ఫోన్ చేశాను.

“ఇంకా రాలేదమ్మా. ఇంజనీరు గారొచ్చి కూర్చున్నారు. పాపం, బురద బూట్లతోనే వచ్చారు. పత్రికలవాళ్లు భోజనాలకి లేచారు,” అన్నాడు.

ఆగి మళ్లీ చేశాను. నాయకుడు హనుమాన్ జంక్షన్‌లో ఏదో పెళ్లికి వెళ్లి అటునుంచి అటే వెళ్లిపోయాడట. ఇంజనీరుకి శాలువా కప్పి సభ ముగించేశారట. విలేకరికి ఫోన్ చేస్తే నోట్లో ముద్దతోనే మాట్లాడాడు.

“ఆయన రాలేదంటగా?” అన్నాను.

“రాకపోతే ఏముంది మేడం. మేమందరం వచ్చినట్టే పెట్టుకున్నాం. మీరొక్కళ్లు తీసేస్తే ఆయన దగ్గర నా పరువు పోద్ది. పుట్టినరోజు యాడ్ కూడా ఆయన దగ్గరే తేవాలి,” అన్నాడు. బతిమాలుతున్నట్టే అన్నాడు. నాకు ఆయన మీద జాలి కలిగింది. మా పేపరు ఆయనకి ఇచ్చేది బండి పెట్రోలుకి కూడా చాలదు. ఆ యాడ్ రాకపోతే ఐడీ కార్డు వెనక్కి తీసుకుంటారు. ఆ సంగతి మా ఇన్‌చార్జికి తెలుసు, నాకూ తెలుసు.

అయినా తీసేశాను. చప్పట్లు కూడా తీసేశాను. మిగిలినది నాలుగు వాక్యాలు. కాలువలో పూడికను ఈ వారమే తీశారని, ముంపు నీరు ఇప్పుడు దిగుతోందని, రైతులు ఇంజనీరును సత్కరించారని, ముఖ్య అతిథిగా రావాల్సిన నాయకుడు హాజరు కాలేదని. ఈ వారమే అన్న మాట రాస్తున్నప్పుడు నాకు దొంగ సంతోషం కలిగింది. సవరణ వేయనన్నారు కదా, ఇదే సవరణ. ఘనంగా అని ఎక్కడా లేదు. పేజీ వెళ్లిపోయింది.

మర్నాడు ఆఫీసులో అడుగు పెట్టగానే నా బల్ల మీద మిగతా పేపర్లన్నీ తెరిచి ఉన్నాయి. అన్నిటిలోనూ నాయకుడు మా కాలువ గట్టు మీద శాలువా కప్పుకుని నిలబడి ఉన్నాడు. ఈసారి ఫోటోలో కొండ లేదు. ఆయన వెనక షామియానా మీద ఎవరో పాప ఓణీల ఫంక్షన్ బ్యానరు సగం కనిపిస్తోంది.

మా ఆఫీసులో రోజూ ఇతర పేపర్లలో వచ్చి మన పేపర్లో రాని వార్తల్ని పట్టి చూసి, ఎందుకు రాలేదో సంజాయిషీ అడుగుతారు. వాటిని మిస్సింగులు అంటారు. ఆ రోజు మిస్సింగుల్లో మొదటిది, మా ఊరికి నాయకుడి రాక.

“ఆయన రాలేదు సార్,” అన్నాను ఇన్‌చార్జితో.

“రాలేదని నాకూ తెలుసమ్మా. పొద్దున్నే వాళ్ల పీఏ ఫోన్ చేశాడు. అన్ని పేపర్లలోకీ వచ్చిన మనిషి మన పేపర్లోకి ఎందుకు రాలేదు? నన్ను అడుగుతున్నది అదీ. పైవాళ్లకి నేనేం చెప్పను?” అన్నాడు.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. కొన్నాళ్లు వారఫలాల పేజీ చూడమన్నాడు, ఆ రోజు నుంచే. అందులో ఒత్తిడి ఉండదన్నాడు. ఆయన ఉద్దేశంలో అది శిక్ష కాదు, నాకు చేసిన ఉపకారం. కోపం వచ్చింది, కానీ ఆ కోపాన్ని పట్టుకెళ్లి ఎవరి ముందు పెట్టాలో తెలియలేదు.

మెట్ల మీదికి వచ్చి ఫోన్ చూస్తే నాన్న అప్పటికే చాలాసార్లు చేసి ఉన్నాడు. నేను చేయగానే ఎత్తాడు. పొద్దున టీ కొట్టు దగ్గర అన్ని పేపర్లూ తెప్పించాడట. ఒక్కొక్కటే పైకి చదివాడట. నాయకుడు కాలువను పరిశీలించిన దగ్గర అందరూ నవ్వడం మొదలుపెట్టారట, చప్పట్ల దగ్గరికి వచ్చేసరికి ఒకాయనకి టీ పొలమారిందట. వాళ్లంతా గట్టు మీద కూర్చుని ఖాళీ కుర్చీని చూసి వచ్చినవాళ్లే మరి.

“ఆఖర్న మన పేపరు తీశానమ్మా,” అన్నాడు.

“చదివావా?” అన్నాను.

“చదివాను. ఎవరూ నవ్వలేదు. అందరూ విన్నారు,” అన్నాడు.

పైరు ఎలా ఉంది నాన్నా అని అడిగాను. ఆకులు పసుపుబారాయిగానీ మొదళ్లు గట్టిగానే ఉన్నాయని, ఎండ కాస్తే తేరుకుంటుందని చెప్పాడు. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు అడిగాడు.

“రేపటి పేజీ కూడా నువ్వేగా చూసేది? ఊళ్లోవాళ్లకి చెప్పాను, ఇక నమ్మొచ్చని.”

“నేనే నాన్నా,” అన్నాను. ఈ కాలువ గొడవ మొత్తంలో నేను ఆడిన అబద్ధం అదొక్కటే.